రెండో నంబరు అద్దం

పోయిన వారం మనం పుష్పకుమారిని కొండ మీద, రెండో నంబరు కెమెరా స్తంభం దగ్గర వదిలేసి వచ్చేశాం. కెమెరా అద్దం మీద రుద్దిన వేలిని ఆమె ముక్కు దగ్గరకి తెచ్చుకుంటోంది. ఆ వేలికి ఏ వాసన తగిలిందో చెప్పకుండా ఆపేసినందుకు కొందరికి నా మీద కోపం వచ్చే ఉంటుంది. రానివ్వండి. పుష్ప మూడేళ్ళుగా ఎదురుచూస్తోంది, మనం ఒక్క వారం చూస్తే పోయేదేం లేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు. కశింకోట దాటాక వచ్చే నల్లరాతికొండ మీద యూనివర్సిటీ వాళ్ళు మూడు కెమెరాలు పాతారు. ఒక్కోటీ ఒక ఇనప పెట్టెలో ఉంటుంది. ముందు అద్దం, పైన సోలార్ పలక. రోజూ మిట్టమధ్యాహ్నం వాటంతట అవే ఒక్కో ఫొటో తీసుకుంటాయి. అదే చోటు, అవే చెట్లు. ఆకు ఎప్పుడు రాలుతోంది, చిగురు ఎప్పుడు వస్తోంది, పచ్చదనం ఎప్పుడు ముదురుతోంది అని ఏళ్ళ తరబడి చూడటం ఆ ప్రాజెక్టు పని. అద్దాలు తుడవడం, లోపలి కార్డులు మార్చడం, అనకాపల్లి నెట్ సెంటర్లో వాటిని సీడీలకెక్కించి సురేష్ బాబు గారికి పంపడం పుష్ప పని. కెమెరా ముఖం వేలెడు కూడా పక్కకి తిరగకూడదని ఆయన మొదటి రోజే చెప్పాడు. అది కదిలితే వెనకటి ఫొటోలన్నీ దండగట.

ఆ పెట్టెలు చేసింది పుష్ప భర్త బెన్‌హర్. లారీ డ్రైవరు, వెల్డింగు పనీ వచ్చు. కెమెరాలు పెట్టిన మరుసటి ఏడు, ఎలమంచిలి దాకా వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తానని బయల్దేరి మళ్ళీ రాలేదు. ఆ వారమే శారదా నది పొంగింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చొక్కా చూసి బెన్‌హర్ అన్న ఎలియాజరు మా తమ్ముడిదే అన్నాడు. పుష్ప కాదంది. మనిషి మాత్రం దొరకలేదు. ఇప్పుడు ఎలియాజరు, వచ్చే ఆదివారం తమ్ముడి పేరున చర్చిలో ఆదరణ కూడిక పెట్టించి, పోయినవాళ్ళలో కలిపేద్దామంటున్నాడు. ఎలియాజరు సంఘంలో పెద్దవాడే గానీ, బెన్‌హర్ భార్య ఒప్పుకోకుండా కూడిక చెయ్యనని పాస్టరుగారు తేల్చి చెప్పేశారు. అవుననో కాదనో పుష్ప ఈ సాయంత్రంలోగా చెప్పాలి.

ఇంతలో సురేష్ బాబు గారి ఫోను. రెండో నంబరు ఫొటోల్లో అడవి సెప్టెంబరులోనే పండుబారుతోందనీ, ఇది మామూలు విషయం కాదనీ, సోమవారం తానే స్వయంగా వస్తున్నాననీ ఆయన మహా హుషారుగా చెప్పాడు. చెట్లకి ఏమైందో చూద్దామని కొండెక్కిన పుష్ప, చెట్లకంటే ముందు అద్దం చూసింది.

అది పొగాకు వాసన.

లారీవాళ్ళకి ఈ సంగతి తెలుసు. వానలో ముందు అద్దం మీద పొగాకు రుద్దితే చుక్క నిలవదు, నీళ్ళు జారిపోతాయి. కెమెరాలు పెట్టిన మొదటి వానాకాలం బెన్‌హర్ ఇదే ఉపాయం మూడు అద్దాలకీ ప్రయోగించాడు. చుక్కలైతే పోయాయి గానీ అద్దం మీద పలచగా ఒక పొర కట్టింది. దాని వెనక నిగనిగలాడే ఆకు కూడా పండాకులాగే కనబడింది. సురేష్ బాబు గారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. అప్పటినుంచీ ఉత్త నూలుగుడ్డే. తిట్టినాయన ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. తిట్టేవాళ్ళకి గుర్తుండదు. పడ్డవాళ్ళలో ఒకరు పుష్ప, ఇంకొకరు బెన్‌హర్.

ఆమె తలెత్తి చూసింది. అంకుడు చెట్లు, నల్లమద్ది, రేల చెట్లు వానకి తడిసి ముదురుపచ్చగా ఉన్నాయి. పండిన ఆకు వెతికినా లేదు. నెట్ సెంటర్లో కంప్యూటరు ముందు కూర్చుని తను దిగులుపడి చూసిందంతా పొగాకు మరకే. పుష్పకి నవ్వొచ్చింది. ఆ వెంటనే, మరి రుద్దిందెవరు అనిపించింది.

ఈ వానాకాలమంతా కొండ కింద గెడ్డ పొంగి పారుతూనే ఉంది. దాన్ని దాటలేక పుష్ప వారాల తరబడి ఇటు రాలేదు. మొన్న గెడ్డ కాస్త తగ్గాక వచ్చినా, మబ్బు పట్టడంతో పెట్టె వెనక తలుపు తీసి కార్డు మాత్రం మార్చుకుని పరుగున దిగిపోయింది. అంటే తను లేనప్పుడు ఇంకెవరో ఇక్కడికి వచ్చి ఈ అద్దం రుద్దారు. ఒక్కసారి కాదు, వానపడ్డప్పుడల్లా.

"ఏమండీ" అని పిలిచింది.

పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినంత మెల్లగా వచ్చింది ఆ మాట. మూడేళ్ళలో గొంతు ఆ పిలుపే మరిచిపోయిందనిపించింది ఆమెకి. ఈసారి గట్టిగా, పెళ్ళయ్యాక ఎన్నడూ పలకని పేరుతో పిలిచింది. "బెన్‌హరూ." చెట్ల మీంచి పిట్ట ఒకటి లేచి అవతలికి పోయింది. అడవి మళ్ళీ ఎప్పటిలాగే అయిపోయింది. పుష్పకి సిగ్గేసింది. ఎవరూ చూడకపోయినా పైట సర్దుకుంది.

ఆమె ఒంటరితనం ఎలాంటిదో ఎలియాజరుకి తెలియదు, చర్చిలో పక్కన కూర్చునే ఆడవాళ్ళకీ తెలియదు. సీడీకెక్కించే ముందు ప్రతి ఫొటోనీ ఆమె పెద్దది చేసి చూసుకునేది. పచ్చదనం కోసం కాదు. ఎక్కడో ఒక మూల, ఒక మొదలు చాటున, ఒక చొక్కా అంచు కనబడుతుందేమోనని. అన్ని ఫొటోల్లో ఒక్క మనిషి లేడు. ఉన్నవల్లా చెట్లే. వేసవిలో ఆకు రాల్చిన చెట్టుకీ చచ్చిన చెట్టుకీ ఫొటోలో తేడా తెలియదు, చిగురు వచ్చేదాకా ఆగాల్సిందే, నేనూ ఆగుతాను బావగారూ అని ఒకసారి ఎలియాజరుతో అంది. ఆయన జాలిగా చూసి, "మూడేళ్ళు పార్థన సేసేమమ్మా. ఇంక దేవుణ్ణి కూడా ఇబ్బంది పెట్టకూడదు" అన్నాడు.

పెట్టెలోంచి చిన్నగా క్లిక్ మని శబ్దం వచ్చింది. మధ్యాహ్నమైంది. ఆ వేళకి కెమెరా ముందు ఎవరూ ఉండకూడదన్న నియమం తెలిసీ పుష్ప అద్దానికి ఎదురుగానే నిలబడిపోయింది. ఆ రోజు ఫొటోలో అడవికి అడ్డంగా ఏడుపు ముఖంతో ఆమె ఉంది.

తప్పు జరిగిందని గబుక్కున పక్కకి తప్పుకుంటున్నప్పుడు పెట్టె గడియ కంటబడింది. విరిగింది. తలుపు ఊడిపోకుండా ఎవరో నల్లటి రబ్బరు పట్టీతో బిగించి కట్టారు. మొన్నటి తొందరలో ఆ ముడి తనే విప్పి, తనే కట్టిందన్న మాట, ఏమిటో చూడకుండానే. ఇప్పుడు విప్పి చూసింది. లారీ ట్యూబుని పట్టీలుగా కోసిన ముక్క.

పుష్ప గుండెలో అప్పటిదాకా ఎగురుతున్నదేదో ఆగిపోయింది. బెన్‌హర్ దేన్నీ రబ్బరుతో కట్టడు. తీగ చుడతాడు. జేబులో ఎప్పుడూ తీగ ముక్క ఉండేది. చొక్కాలన్నీ ఆ జేబు దగ్గరే చిరిగేవి. ఇలా ట్యూబు కోసి కట్టేది పంక్చర్లు వేసేవాళ్ళు. ఆమెకి తెలిసిన పంక్చర్లవాడు ఒక్కడే.

స్తంభం వెనక నుంచి, గెడ్డతో పని లేకుండా, చెరుకు తోటల మీదుగా హైవేకి దిగే చుట్టుదారి ఒకటుంది. చెరుకులో పాముల భయంతో వానాకాలం పుష్ప అటు పోదు. తడిసిన గడ్డి తొక్కిన గుర్తులు ఆ దారినే ఉన్నాయి. పుష్ప అద్దం తుడవలేదు. రబ్బరు పట్టీ గుప్పిట్లో పెట్టుకుని ఆ దారిన దిగింది.

మలుపు దగ్గర రేకుల షెడ్డులో ఇమామ్ పంక్చరు షాపు. బెన్‌హర్ లారీ మీద ఏళ్ళకేళ్ళు క్లీనరుగా తిరిగినవాడు. బెన్‌హర్‌ని ఉస్తాద్ అంటాడు, పుష్పని వదినా అంటాడు. శారద ఒడ్డున ఆమెతో పాటు బురదలో నడిచి వెతికినవాడు. షేర్ ఆటో దిగిన ప్రతిసారీ "జాగర్త వదినా, జారతాది" అని చెప్పి పంపేవాడు. ఈ ఊళ్ళో పుష్ప ఎవరినైనా మనవాడు అనుకుందంటే అతన్నే.

ఇమామ్ టైరు అంచు ఊడదీస్తూ తలెత్తాడు. చుట్టుదారిన వస్తున్న పుష్పని చూడగానే చేతిలో గడ్డపార ఆగిపోయింది.

"గెడ్డ తగ్గింది కదా వదినా. ఇటేటి వచ్చేవు?"

పుష్ప పట్టీ టైరు మీద పెట్టింది. "ఇది నీదేనా?"

అతను దాన్ని చూశాడు. ముట్టుకోలేదు. "కూకో వదినా. టీ తెప్పిత్తాను."

"నువ్వు తాగవు కదా, నేనెలా తాగుతాను? రోజాలో ఉన్నావు." ఆమె నిలబడే ఉంది. "అందుకే ఇప్పుడే అడుగుతున్నాను. ఉపవాసం నోటితో నువ్వు అబద్ధం ఆడవు. అద్దానికి పొగాకు నువ్వే రుద్దేవా?"

"నేనే."

"ఎందుకు?"

"వాన కదా. సుక్కలు నిలబడిపోతే ఫొటో పాడైపోద్ది కదా."

"చుక్క పడితే ఫొటో పాడవుతుందని నీకెవరు చెప్పేరు? నువ్వు ఆ పెట్టెల దగ్గరకి ఎప్పుడూ రాలేదు. ఆయన రుద్దినప్పుడు నువ్వు లేవు. ఊళ్ళో పెళ్ళికెళ్ళేవు. నాకు బాగా గుర్తు."

ఇమామ్ గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు తుడిచినా అవి నల్లగానే ఉన్నాయి. హైవే మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి పోయాయి.

"రెండో నంబరుకే ఎందుకు రుద్దేవు ఇమామూ? ఒకటో నంబరు దగ్గరే ఉంది. మూడోదీ దారిలోనే ఉంది. అంత పైకెక్కి దానికే ఎందుకు?"

"రెండో నంబరుకి గాలివాటం జల్లు నేరుగా కొడతాది. అదొక్కటైనా సూసుకోమన్నాడు" అని, అన్న తరవాత ఇమామ్ కళ్ళు మూసుకున్నాడు.

పుష్ప ఆ మాట పట్టుకుంది. మెల్లగా అడిగింది. "ఎప్పుడన్నాడు?"

"వదినా, ఒట్టేసేను."

"ఎప్పుడన్నాడు?"

"వానలు మొదలైనప్పుడు. ఈ యేడే."

ఆమె అక్కడున్న పాత టైరు మీద కూర్చుంది. చీరకి మసి అంటుతుందన్న ఆలోచన కూడా రాలేదు. ఇమామ్ తనూ నేల మీద గొంతుక్కూర్చుని, ఆమె ముఖం చూడకుండా, రోడ్డుకేసి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"మే నెల్లో ఫోనొచ్చింది. అదిగో, ఆ రూపాయి డబ్బాకి." షెడ్డు గుంజకి తగిలించిన పసుపురంగు కాయిన్ బాక్సు చూపించాడు. "ఎత్తితే, 'ఇమామూ, నేనే' అన్నాడు. నేను కూడా పోయేడనే అనుకున్నాను వదినా. నీకెదురుగా అనలేదు గానీ, లోపల అదే అనుకున్నాను. ఎక్కడున్నావు ఉస్తాద్ అంటే సెప్పలేదు. ఎందుకెల్లిపోయేవంటే సెప్పలేదు. ముందు ఎవులికీ సెప్పనని ఒట్టెయ్యి, అప్పుడే మాటాడతానన్నాడు. పెట్టేత్తాడేమోనని భయమేసి ఏసేసేను."

"తరవాత?"

"అప్పుడప్పుడు సేత్తాడు. ఎక్కువసేపు మాటాడడు. అక్కడ వానా, గెడ్డ వచ్చిందా, అద్దం తుడిచేవా, ఇయ్యే. పొగాకు మాట ఆయనకి సెప్పలేదు, అది నా తెలివే. లారీల సప్పుడు ఇనబడతాది. ఏ ఊరో తెలీదు."

"నా గురించి ఏం అడిగేడు?"

ఇమామ్ తల దించుకున్నాడు.

"రోజాలో ఉన్నావు" అని గుర్తుచేసింది పుష్ప.

"వదిన ఇంకా కొండెక్కతందా అని అడిగేడు. ఎక్కతందన్నాను. అయితే వానల్లో గెడ్డ దాటలేదు, నువ్వు సూసుకో అన్నాడు."

"అంతేనా? ఎలా ఉందని అడగలేదా?"

"లేదు."

"ఒక్కసారైనా?"

"నేనే సెప్పబోయేను వదినా. నీ మాటెత్తితే ఫోను పెట్టేత్తాడు."

ఇది వినడం కంటే ఆ చొక్కా ఆయనదే అని ఒప్పుకుని ఏడవడం సుఖంగా ఉండేది. పోయినవాడి కోసం ఎలా ఏడవాలో చర్చిలో అందరికీ తెలుసు. పాటలున్నాయి, వాక్యాలున్నాయి, పక్కన కూర్చుని వీపు నిమిరేవాళ్ళున్నారు. బతికి ఉండి, అద్దం బాగోగులు అడిగి, భార్య బాగోగులు అడగని మనిషి కోసం ఏం చెయ్యాలో పుష్పకి ఎవరూ నేర్పలేదు. మూడేళ్ళుగా ఒక్కతే అన్నం వండుకుంటున్నా ఇంత ఒంటరిగా ఆమెకి ఎప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ ఆ ఒంటరితనంలో ఆయన కూడా ఉన్నాడనుకుంది. ఇవాళ అదీ లేకుండా పోయింది.

"నది ఒడ్డున నాతో పాటు ఏడ్చేవు కదా ఇమామూ" అంది. "మే నెల నుంచీ నేను వచ్చినప్పుడల్లా నా ముఖం చూస్తూ, జారతాది జాగర్త అని చెప్పేవు. ఎలా చెప్పగలిగేవు?"

"ఎలా సెప్పేనో నాకే తెలీదు. నువ్వు ఆటో దిగినప్పుడల్లా నిజం సెప్పేద్దామనే అనుకునేవోణ్ణి. సెప్పేత్తే ఆ ఫోను కూడా ఆగిపోద్దనుకున్నాను. ఆ ఒక్క దారీ మూసుకుపోతే నీకేటి మిగులుతాది? ఒట్టు కోసం కాదు వదినా, అందుకు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఇమామ్‌కి కాస్త తేలికయ్యేది. అతను పట్టీ తీసుకుని, చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

పుష్ప లేచి కాయిన్ బాక్సు దగ్గరకి వెళ్ళింది. కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసి వేసింది. ఎవరికి చేస్తోందో ఇమామ్‌కి అర్థం కాలేదు.

"బావగారూ, నేను పుష్పని."

అవతల ఎలియాజరు వెంటనే అందుకున్నాడు. ఆయన ఉదయం నుంచీ ఈ ఫోను కోసమే కూర్చున్నట్టున్నాడు. "సూడమ్మా పుష్పా, నీకు మంచి సెప్తన్నాను, ఇంక మొండితనం..."

"కూడిక పెట్టండి. నేను ఒప్పుకుంటున్నాను."

ఎలియాజరు దగ్గర మాటలు చాలా సిద్ధంగా ఉన్నట్టున్నాయి, అవన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. తరవాత ఏడుపు. చిన్నపిల్లవాడిలా, దాచుకోకుండా. "ఒక్కడే తమ్ముడమ్మా నాకు. నువ్వు ఒప్పుకోనంతకాలం, నాకూ ఏ మూలో... ఇంక అయిపోయింది కదా" అన్నాడు.

పుష్ప ఇన్నాళ్ళూ ఆయన్ని తొందరపడే మనిషి అనుకుంది. ఆయన కూడా తన నమ్మకం మీదే ఆనుకుని నిలబడ్డాడని ఇప్పుడు తెలిసింది. చెప్పేద్దామా అనిపించింది. ఉన్నాడు బావగారూ, ఏడవకండి అని నాలుక చివరిదాకా వచ్చింది. పంటి బిగువున ఆపుకుంది.

"అందరికీ చెప్పండి. ఎలమంచిలిలో మనవాళ్ళకీ, లారీ యూనియన్ వాళ్ళకీ కూడా. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ మిగలకూడదు" అని ఫోను పెట్టేసింది.

ఇమామ్ లేచి నిలబడ్డాడు. "వదినా, ఏటిది? బతికున్న మనిషికి ఆదరణ కూడికా? పటం పెట్టి, దండేసి..."

"ఆయన మళ్ళీ ఎప్పుడు చేస్తాడు?"

"నిన్నంతా వాన కదా. రేపో ఎల్లుండో సేత్తాడు."

"చేస్తే చెప్పు. ఆదివారం ఆరాధన అయ్యాక నీ పేరున కూడిక, పటం పక్కన నీ భార్య కూర్చుంటుంది, తనే ఒప్పుకుంది అని చెప్పు. ఆయన సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టేసేవు. మా సంగతి ఆయనకి చెప్పనని వెయ్యలేదు కదా."

"నీ మాటెత్తితే పెట్టేత్తాడని సెప్పేను కదా."

"ముందు ఆయన మాటే ఎత్తు. నువ్వు చచ్చిపోయేవంట ఉస్తాద్ అని మొదలుపెట్టు. పెట్టెయ్యడు."

కశింకోట వైపు నుంచి షేర్ ఆటో వస్తోంది. పుష్ప రోడ్డు అంచుకి నడిచి చెయ్యెత్తింది. ఇమామ్ వెనకే వచ్చాడు. ఆటో ఆగేలోగా అడగాలన్న తొందరలో అతని మాట తడబడింది.

"ఇని కూడా రాకపోతే, వదినా? నువ్వు అందరి ముందూ, దేవుడి ముందూ, అబద్ధం కూడికలో కూకుంటావా?"

ఆటోలో ఇద్దరు ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. పుష్ప ఎక్కి కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకుంది, అప్పుడు అతనికేసి చూసింది.

"విని కూడా రాకపోతే, అది అబద్ధం కాదు ఇమామూ."